ఆ గడిలో ఏం రాశాం?

జూన్, జులై నెలల్లో ప్రొద్దుటూరులోనో పులివెందులలోనో ఏ నెట్ సెంటర్ ముందర నిలబడినా మన పిల్లలు కనిపిస్తారు. చేతిలో ప్లాస్టిక్ కవరు. కవర్లో టెన్త్ మెమో, ఇంటర్ మెమో, టీసీ, కుల ధ్రువీకరణ పత్రం, ఆధార్ జిరాక్సు. లోపల కూర్చున్న అబ్బాయి కంప్యూటర్ మీద నుంచి తల ఎత్తకుండానే అడుగుతాడు: "ఏ మేజర్ పెట్టమంటావ్?" మన పిల్లోడు వెనక్కి తిరిగి నాయన మొహం చూస్తాడు. నాయన నెట్ సెంటర్ అబ్బాయి మొహం చూస్తాడు. "మాకేం తెలుసబ్బా, ఏది మంచిదైతే అది పెట్టు" అంటాడు. అంతకుముందు వచ్చిన పదిమందికి ఏది పెట్టాడో ఆ అబ్బాయి అదే పెడతాడు. మూడు నాలుగేళ్ల చదువు మూడు నిమిషాల్లో తేలిపోతుంది.

ఈ సంచికకు ఒక చరిత్ర వ్యాసం కావాలని సంఘం పెద్దలు అడిగినప్పుడు మేం మొదట తాండాల పుట్టుక గురించి రాద్దామనుకున్నాం. దాని గురించి మన పెద్దలు చాలాసార్లు చెప్పారు, ఇంకా చెబుతారు. ఈసారి ఆ మూడు నిమిషాల చరిత్ర రాద్దామనిపించింది. ఆ గడిలో ఏం రాయాలో మన తరపున ఇంతకాలం ఎవరు తేల్చారు, ఎట్లా తేల్చారు అన్నది కూడా మన చరిత్రే కదా.

మేజర్ అనే మాట మన చెవులకు కొత్త. మా తరంలో గ్రూపు అనేవాళ్లం. మాకంటే ముందు వాళ్లు ఆప్షనల్స్ అనేవాళ్లు. మాట మాత్రం పాతదే. అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం 1876లో మొదలైంది. దాని 1877-78 కేటలాగులో మేజర్, మైనర్ అనే మాటలు తొలిసారి అచ్చయ్యాయని చెబుతారు. ఒక శాస్త్రాన్ని లోతుగా చదవాలి, దానికి తోడుగా ఇంకొకటి చదవాలి, ఆ రెండూ ఏవో విద్యార్థే ఎంచుకోవాలి అన్నది అందులోని ఆలోచన.

అదే 1877లో మన సీమలో ఏం జరుగుతోందో తెలుసా? ధాత కరువు. 1876 నుంచి 1878 దాకా బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చేసిన కరువు. రోజంతా మట్టి, రాయి మోసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని రిచర్డ్ టెంపుల్ అనే దొర లెక్క తేల్చిన కాలం. బాల్టిమోర్‌లో పిల్లలు ఏ శాస్త్రం చదవాలా అని ఎంచుకుంటున్నప్పుడు మన ముత్తాతలు ఏ వాగు గట్టున గంజి పోస్తారా అని వెతుక్కుంటున్నారు. ఎవరినో ఆడిపోసుకోవడానికి ఈ మాట అనడం లేదు. ఎంచుకోవడం అనేది మన ఇళ్లకు ఎంత ఆలస్యంగా వచ్చిందో తెలియాలంటే ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

కరువుకు ఐదేళ్ల ముందే మనకు రెండు దెబ్బలు తగిలాయి. మన సుగాలీలు లదేణి చేసేవాళ్లు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని తీరం నుంచి సీమకు, సీమ నుంచి దక్కనుకు తిరిగే వ్యాపారం అది. 1871 నాటికి మద్రాసు నుంచి రాయచూరు దాకా రైలు పట్టాలు పడ్డాయి. ఆ పట్టాలు కడప, ఎర్రగుంట్ల, ముద్దనూరు, కొండాపురం మీదుగా పోతాయి. అంటే మన మూడు ఊళ్ల నడుమనుంచే. వెయ్యి ఎద్దులు మోసే ఉప్పును ఒక గూడ్సు బండి ఒక్క రాత్రిలో లాక్కుపోతే లదేణి ఇంకెక్కడుంటుంది? ఆ సంవత్సరమే బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. మొదట ఉత్తరాదిన అమలై, 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఆ జాబితాకు ఎక్కిన యెరుకల కుటుంబాల వాళ్లు, ఇంకా అట్లాంటి సంచార కులాల వాళ్లు పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే చీటీ తీసుకోవాలి. 1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. ఊరు దాటడానికే అనుమతి కావలసిన మనిషికి ఏ సబ్జెక్టు కావాలని అడిగే వాళ్లెవరు?

ఇక చదువుకునే వాళ్ల సంగతి చూద్దాం. వాళ్లయినా బాగా ఆలోచించి ఎంచుకున్నారా అంటే అదీ లేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ కథ మీలో చాలామంది వినే ఉంటారు. తిరుత్తణిలో పుట్టిన తెలుగు పిల్లాడు, ఇంట్లో డబ్బు కటకట. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చేరాక ఏ సబ్జెక్టు తీసుకోవాలో తేలలేదు. అదే కాలేజీలో చదువు ముగించిన బంధువు ఒకాయన తన తత్త్వశాస్త్రం పుస్తకాలు ఇచ్చేశాడు. పుస్తకాలు కొనే పని తప్పింది, సబ్జెక్టు తేలిపోయింది. ఎం.ఏ. పూర్తి చేశాడు, తర్వాత ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యాడు, దేశానికి రాష్ట్రపతి అయ్యాడు. ఉచితంగా దొరికిన పుస్తకాలు ఒక మనిషి దారి తేల్చాయన్న మాట. ఈ కథను మన టీచర్లు అదృష్టం గురించి చెప్పడానికి వాడతారు. మాకు మాత్రం ఇంకో సంగతి కనిపిస్తుంది. ఆయనకు పుస్తకాలిచ్చే బంధువు ఒకాయన ఉన్నాడు, తనకంటే ముందు అదే కాలేజీలో చదివిన మనిషి ఉన్నాడు. మన తాండాల్లో మొదటి డిగ్రీ పిల్లలకు అట్లాంటి బంధువే లేడు.

కాలేజీలు కూడా దగ్గర్లో లేవు. మదనపల్లెలో అనీబిసెంట్ పెట్టిన దివ్యజ్ఞాన కళాశాల 1915 నాటిది. అనంతపురంలో దత్తమండలాల కాలేజీ 1916లో వచ్చింది. కడప ఊళ్లో ప్రభుత్వ కళాశాల రావడానికి 1948 దాకా ఆగాల్సి వచ్చింది. 1937 నవంబరు 16న కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో సీమ నాయకులు నీళ్ల గురించి ఎంత పట్టుబట్టారో అనంతపురంలో విశ్వవిద్యాలయ కేంద్రం గురించీ అంత పట్టుబట్టారు. చివరికి 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టింది. మన మూడు ఊళ్ల కాలేజీలు చాలా ఏళ్లు దాని కిందనే నడిచాయి. దాని పీజీ కేంద్రం 1977లో కడపకు వచ్చింది, ఆ కేంద్రమే 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం అయింది.

ఈ నడుమ 1956 నాటి సవరణ ఉత్తర్వుతో ఆంధ్ర ప్రాంతంలోని సుగాలీలు, యెరుకలవాళ్లు, యానాదులు షెడ్యూల్డ్ తెగల జాబితాలోకి వచ్చారు. తెలంగాణలో మన లంబాడా బంధువులకు అదే గుర్తింపు రావడానికి ఇంకో ఇరవై ఏళ్లు పట్టింది. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులు, హాస్టళ్లు, రిజర్వేషన్లు అన్నీ ఆ గుర్తింపు వెంట వచ్చినవే. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి డిగ్రీ పుస్తకాలను తెలుగులో అచ్చువేయడం మొదలుపెట్టింది. ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది గానీ, ఇంట్లో గోర్‌ బోలీ మాట్లాడి బళ్లో తెలుగు నేర్చుకున్న పిల్లలకు మూడో భాష గోడ దాటకుండానే డిగ్రీ అందింది. మన మొదటి తరం డిగ్రీ వాళ్లు ఎక్కువమంది ఆ తెలుగు పుస్తకాలు చదివే గట్టెక్కారు.

ఇక్కడ మా పెద్దన్న వరస ఒకాయన కథ చెప్పాలి. పులివెందుల వైపు తాండా ఆయనది. 1970ల చివర్లో ఇంటర్ పాసయ్యాడు. ఆయనకు చెట్టూ చేమా అంటే ప్రాణం. అవ్వ వెంట కొండకు పోయి ఏ ఆకు ఏ నొప్పికి పనికొస్తుందో చూసి చూసి నేర్చుకున్న మనిషి. బీజెడ్‌సీ చదవాలని కాలేజీకి పోయాడు. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. ఆఫీసులో గుమస్తా ఆయన్ను ఎగాదిగా చూసి రెండే ప్రశ్నలు అడిగినాడంట. "హాస్టల్లో ఉంటావా, ఇంటినుంచి వస్తావా?" హాస్టల్ సీటు ఇంకా రాలేదు, ఇంటినుంచే. "ప్రాక్టికల్స్ సాయంత్రం అయిదుదాకా ఉంటాయి. మీ బస్సు ఎన్నింటికి?" తాండా వైపు ఆఖరి బస్సు నాలుగుంపావుకు. గుమస్తా ఇంకేం మాట్లాడకుండా ఫారంలో హెచ్‌ఈపీ అని రాసినాడు. హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్. "పెన్ను ఆయనదే, సంతకం మాత్రం నాది" అని పెద్దన్న ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు.

ఆ గుమస్తా చెడ్డోడేం కాదు. ఆయన లెక్క ఆయనది. కానీ ఆలోచించండి, ఒక మనిషి ఏం చదవాలో తేల్చింది నాలుగుంపావు బస్సు. మేం మా ముగ్గురు నలుగురు పెద్దల్ని అడిగి చూశాం, వాళ్ల గ్రూపు ఎవరు తేల్చారని. ఒకాయనకు లేబొరేటరీ ఫీజు తేల్చింది. ఒకాయనకు ఎస్టీ హాస్టల్ ఏ ఊళ్లో ఉందో అది తేల్చింది. ఒకావిడకు, పక్క ఊరి కాపోళ్ల పిల్ల ఏ గ్రూపు తీసుకుంటే ఆ పిల్లతో తోడుగా పంపుతామన్న నాయన మాట తేల్చింది. ఆమె జమ్మలమడుగు వైపు మొట్టమొదటి ఆడపిల్లల్లో ఒకరు, రోజూ పెన్న దాటి వచ్చి చదివింది. తోడు పిల్ల బీకాం, ఈమె బీకాం. రెండో ఏడు తోడు పిల్లకు పెళ్లయి మానేసింది. ఈమె మానలేదు. అది వేరే కథ, ఆమె ఒప్పుకుంటే మళ్లీ ఎప్పుడైనా రాస్తాం.

అట్లా ఎవరో తేల్చిన గ్రూపులతోనే వాళ్లు టీచర్లయ్యారు, బ్యాంకు గుమస్తాలయ్యారు, పోలీసు ఉద్యోగాలకు పోయారు. వాళ్లను చూసే మేం చదువుకున్నాం. కాబట్టి దొరికిన గ్రూపు చదివితే చెడిపోతారని మేం అనడం లేదు.

తర్వాత వచ్చింది ఇంజనీరింగు గాలి. ఇదీ ఒకరకంగా మన చేతిలో లేని ఎంపికే. ఎంసెట్ ర్యాంకు, రిజర్వేషన్ సీటు, ఫీజు రీయింబర్స్‌మెంట్ కలిసొచ్చేసరికి తాండాల్లో ఇంటికో ఇంజనీరు తయారయ్యాడు. 2006లో పులివెందులలో జేఎన్‌టీయూ కాలేజీ, 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ, ప్రొద్దుటూరులో యోగి వేమన ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. దగ్గర్లో మంచి కాలేజీ రావడం చిన్న మేలు కాదు. అయితే అప్పట్లో మా కుర్రాళ్లు చాలామంది మెకానికల్ ఎందుకు పెట్టుకున్నారో తెలుసా? జమ్మలమడుగు దగ్గర ఉక్కు ఫ్యాక్టరీ వస్తుందని. 2007లో ఒకసారి శంకుస్థాపన, 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర ఇంకోసారి, 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర మరోసారి, 2023 ఫిబ్రవరిలో ఆ సున్నపురాళ్లపల్లెలోనే మళ్లీ. రాయి పడ్డప్పుడల్లా ఒక బ్యాచ్ మెకానికల్‌లో చేరింది. ఫ్యాక్టరీని చూసి కోర్సు ఎంచుకుంటే చదువు నాలుగేళ్లలో అయిపోతుంది, ఫ్యాక్టరీ మాత్రం ఇంకో శంకుస్థాపన దాకా ఆగుతుంది.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. చాలా ఏళ్లు డిగ్రీ అంటే మూడు సబ్జెక్టుల కట్ట. ఎంపీసీ, బీజెడ్‌సీ, హెచ్‌ఈపీ, ఏదైనా కట్టగానే తీసుకోవాలి. ఒకటి నచ్చకపోయినా మిగతా రెండు ఉండేవి. 2015-16లో సెమిస్టర్లు, క్రెడిట్లు వచ్చాయి. 2020-21లో ఆన్‌లైన్ అడ్మిషన్లు, వెబ్ ఆప్షన్లు వచ్చాయి. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మాధ్యమం అన్నారు. అంటే తెలుగు అకాడమీ పుస్తకాలు ఎక్కించిన మెట్టు పోయింది. 2023-24లో చేరిన బ్యాచ్ నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది. మూడు సబ్జెక్టుల కట్ట విప్పేసి, ఒక్కటి చెప్పు అన్నారు. మొదటి సెమిస్టర్ ఉమ్మడి పాఠాలతో గడుస్తుంది, రెండో సెమిస్టర్ నుంచి మేజర్ పాఠాలు, వాటి పక్కన మీరు ఎంచుకున్న మైనర్ మొదలవుతాయి. మూడేళ్లకు డిగ్రీ తీసుకుని బయటికి రావచ్చు, నాలుగో ఏడు చదివితే ఆనర్స్. ఈ నిబంధనలు మారుతూ వస్తున్నాయి కాబట్టి మీరు చేరే ఏడాది నోటిఫికేషన్ మీరే చదవండి, అన్న చెప్పాడనో అక్క చెప్పిందనో నమ్మకండి. మా మాటా అంతే.

మూడు కాళ్ల పీటకు ఒక కాలు కుంటిదైనా నడిచింది. ఇప్పుడు ఒంటి స్తంభం మేడ. అందుకే ఆ గడి మూడు నిమిషాల్లో నింపేది కాదు.

ఏ తలుపు దేనితో మూసుకుపోతుందో చాలామందికి చివర్లో గానీ తెలియదు. గండికోట దగ్గర ఎర్రమల కొండల్లో తాతతో గొడ్లు కాసి పెరిగిన కుర్రాడు ఒకడు మాకు తెలుసు. అడవిలో అడుగు చూసి ఏ జంతువో చెప్పేవాడు. బీఏ బాగా పాసయ్యాడు. అప్పుడు ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ పరీక్ష రాస్తానని వచ్చాడు. ఆ పరీక్ష రాయాలంటే వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనం, భౌతికం, గణితం, స్టాటిస్టిక్స్, భూగర్భశాస్త్రం, పశుసంవర్ధకం వీటిలో ఏదో ఒకటి డిగ్రీలో చదివి ఉండాలి, లేదా వ్యవసాయం, ఫారెస్ట్రీ, ఇంజనీరింగ్ డిగ్రీ ఉండాలి. బీఏ చరిత్రతో కుదరదు. వాడి మొహం చూసి ఆరోజు మాకెవరికీ అన్నం సయించలేదు. ఫారంలో ఇంకో మాట రాసి ఉంటే, కనీసం అడిగేవాళ్లు ఒక్కరుంటే అన్న బాధ. అదే కుర్రాడు సివిల్స్ రాయొచ్చు, గ్రూప్-2 రాయొచ్చు, వాటికి ఏ డిగ్రీ అయినా సరే. కానీ వాడు అడిగింది అడవిని.

చాలా ఎం.ఏ.లకు ఏ డిగ్రీ చదివినా పోవచ్చు. ఎం.ఎస్సీ.లకు అట్లా కాదు, రసాయనం చదవాలంటే డిగ్రీలో రసాయనం ఉండాలి. ఇండియన్ స్టాటిస్టికల్ సర్వీసుకు స్టాటిస్టిక్స్ ఉండాలి. బీఈడీలో గణితం మెథడాలజీ కావాలంటే గణితం చదివి ఉండాలి. సైన్సు నుంచి ఆర్ట్స్‌కు తలుపు సులువుగా తెరుచుకుంటుంది, ఆర్ట్స్ నుంచి సైన్సుకు దాదాపు తెరుచుకోదు. అందుకని అందరూ సైన్సే తీసుకోవాలా? అదే మా పెద్దలు చేసిన తప్పు వెనక్కి తిప్పి చేయడం అవుతుంది. ఏది మూసుకుపోతుందో తెలిసి మూసుకోండి, అంతే.

మైనర్ సంగతి చాలామంది పట్టించుకోరు. క్లాసులు ఏ టైముకు ఉంటే అది పెట్టుకుంటారు. అంబేద్కర్ కొలంబియా విశ్వవిద్యాలయానికి 1913లో పోయినప్పుడు ఆయన ప్రధాన సబ్జెక్టు ఆర్థికశాస్త్రం. దాంతోపాటు సమాజశాస్త్రం, చరిత్ర, తత్త్వశాస్త్రం, మానవశాస్త్రం కూడా చదివాడు. 1916 మే నెలలో భారతదేశంలో కులాల పుట్టుక మీద ఆయన చదివిన పత్రం, ఇప్పటికీ ప్రపంచమంతా చదివే పత్రం, మానవశాస్త్రం సెమినార్‌లో చదివింది. ఆర్థికశాస్త్రం క్లాసులో కాదు. పక్క సబ్జెక్టు గదిలోంచి అంత పెద్ద మాట వచ్చింది.

మన మూడు ఊళ్ల చుట్టూ ఏముందో కూడా ఒకసారి చూడండి. వేంపల్లె, పులివెందుల, గండికోట — ఈ పేర్లు మనకు బస్సు బోర్డులు. భూగర్భశాస్త్రం చదివేవాళ్లకు అవి రాతి పొరల పేర్లు. విలియం కింగ్ అనే దొర 1872లోనే కడప, కర్నూలు రాళ్ల మీద పెద్ద పుస్తకం రాశాడు. పులివెందుల క్వార్ట్‌జైట్, గండికోట క్వార్ట్‌జైట్ అని పాఠాల్లో ఉన్నాయి. తుమ్మలపల్లెలో యురేనియం తీస్తున్నారు, ఎర్రగుంట్ల చుట్టూ సున్నపురాయితో సిమెంటు చేస్తున్నారు, నాపరాయి గనుల్లో మనవాళ్లు తరతరాలుగా కూలి చేస్తున్నారు. గడ్డపార పట్టుకున్నవాళ్లు మనవాళ్లే. ఆ రాయి వయసెంతో, దాని కింద నీళ్లు ఎట్లా పారతాయో, గని నీళ్లు మన బోర్లలోకి దిగితే ఎట్లా కనిపెట్టాలో చదివినవాళ్లు మనలో ఎందరున్నారు? యోగి వేమన విశ్వవిద్యాలయంలో భూగర్భశాస్త్రం ఉంది. కడప దాకా పోతే చాలు.

ఇక చరిత్ర. మాకు ఇష్టమైన సబ్జెక్టు కాబట్టి కొంచెం ఎక్కువ చెబితే ఓర్చుకోండి. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ల ఊళ్లో గుడి ఆవరణలో దొరికిన రేనాటి చోళుల శాసనం క్రీ.శ. 575 నాటిది, తెలుగులో ఇప్పటికి దొరికిన శాసనాల్లో మొదటిదిగా లెక్కిస్తారు. థర్మల్ పవర్ స్టేషన్ పొగ గొట్టాలు కనబడే దూరంలోనే తెలుగు మొదటి రాతలు ఉన్నాయన్న మాట. 1800 తర్వాత కల్నల్ మెకంజీ మనుషులు ఊరూరూ తిరిగి కైఫియత్తులు రాయించారు, కడప జిల్లావి సి.పి. బ్రౌన్ కేంద్రం వాళ్లు అచ్చువేశారు. గ్రిబుల్ అనే దొర 1875లో కడప జిల్లా మాన్యువల్ రాశాడు. థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. మన లంబాడీల గురించి నాలుగో సంపుటంలో ఉంటుంది.

వీటన్నిటిలో మనం ఉన్నాం. కానీ రాసినవాళ్లలో మనం లేం. మన ఆడవాళ్ల బట్టలు ఎట్లుంటాయో, మన ఎద్దుల మెడలో ఏం కడతామో వాళ్లు చూసి రాశారు. కొన్నిచోట్ల బాగానే చూశారు, కొన్నిచోట్ల పోలీసు కళ్లతో చూశారు. లదేణి దారుల్లో ఏ వాగు దగ్గర ఆగేవాళ్లు, ధాత కరువులో ఎవరు ఎటు పోయారు, రైలు వచ్చాక ఏ తాండా ఏ కొండ కింద ఎందుకు ఆగిపోయింది — ఇవి మన ముసలివాళ్ల పాటల్లో, మాటల్లో ఉన్నాయి. గోర్‌ బోలీకి సొంత లిపి లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లో చోటు లేదు. తెలుగు లిపిలో రాసుకోవచ్చు, ఎవరు రాస్తారు? భాషాశాస్త్రం చదివిన సుగాలీ పిల్ల, శాసనాలు చదవడం నేర్చుకున్న యెరుకల పిల్లోడు, మానవశాస్త్రం చదివిన యానాది పిల్ల. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం విభాగం ఉంది. ఎవరో వచ్చి మనల్ని కొలిచి పోయే శాస్త్రం అని మా తరానికి దాని మీద కోపం ఉండేది. ఆ టేపు మన చేతికే వస్తే ఎట్లుంటుంది అని ఇప్పుడు అనిపిస్తోంది.

హిస్టరీ చదివితే ఉద్యోగం వస్తుందా అని మీ నాయన అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. 2011 జనాభా లెక్కల్లో మన జిల్లాలో ఎస్టీలు రెండున్నర శాతం పైచిలుకు. ఇల్లు గడవాలి, స్కాలర్‌షిప్ ఆలస్యమైతే హాస్టల్ మెస్ బిల్లు ఎవరు కట్టాలో తెలియదు. ఆకలితో చరిత్ర రాయమని మేం ఎవరికీ చెప్పం. మేజర్ తిండి పెట్టేదే తీసుకోండి, మైనర్ మీ మనసుకు నచ్చింది తీసుకోండి. లేదంటే అటుది ఇటు చేయండి. మొదటి ఏడాది తర్వాత సమాజ సేవా ప్రాజెక్టు అని రెండు నెలలు ఊళ్లో పని చేయాలి. దాన్ని ఎక్కడో సర్వే ఫారాలు నింపి అయిపోయిందనిపించకుండా మీ తాండాలోనే చేయండి. పోయిన వేసవిలో పులివెందుల వైపు ఒక పిల్ల అదే చేసింది. బీఎస్సీ కెమిస్ట్రీ చదువుతున్న పిల్ల. తాండాలోని బోరునీళ్లు సీసాల్లో పట్టి పరీక్ష చేయించింది, సాయంత్రాలు అవ్వ దగ్గర కూర్చుని అవ్వ చిన్నప్పటి బావుల పేర్లు రాసుకుంది. గోర్‌ బోలీలో పదకొండు బావుల పేర్లు దొరికాయి. వాటిలో ఇప్పుడు నీళ్లున్నవి రెండు. ఆ నోట్సు మా దగ్గర ఉంది, వచ్చే సంచికలో ఆ పిల్ల చేతే రాయిస్తాం.

మా పెద్దన్నకు, అదే నాలుగుంపావు బస్సు పెద్దన్నకు, ఈ వ్యాసం రాస్తున్నామని చెప్పాం. "ఇప్పుడు మా తాండాకు రాత్రి ఎనిమిదింటికి కూడా ఆటోలు ఉండాయి, మీరేం రాస్తారో రాసుకోండి, బస్సును మాత్రం తిట్టొద్దు, ఆ డ్రైవరు మంచోడు" అన్నాడు. ఆయన మనవరాలు ఈ ఏడు ఇంటర్ బైపీసీ అయిపోతోంది. ఏం చదువుతావమ్మా అంటే ఇంకా తేల్చుకోలేదంది. తాత చెట్ల గురించి చెప్పినవన్నీ ఒక నోట్‌బుక్కులో రాసుకుందంట.

ఈసారి వెబ్ ఆప్షన్లు మొదలయ్యే వారం, ఆదివారాల్లో మా సంఘం తరపున ముగ్గురం మూడు ఊళ్లలో కూర్చుంటాం. ప్రొద్దుటూరులో లెక్కలు చెప్పే సారు ఒకాయన, జమ్మలమడుగులో ఆ బీకాం అక్క, పులివెందులలో పెద్దన్న. నెట్ సెంటర్‌కు పోయే ముందు అక్కడికి రండి. మెమోలతో పాటు, ఇంటర్లో మీరు పరీక్ష కోసం కాకుండా ఊరికే చదివిన పాఠం ఏదన్నా ఉంటే ఆ పుస్తకం కూడా తెచ్చుకోండి.